తెర మీద లేని పసుపు

క్లెమెంట్ బాగ్‌షా నోట్లో నాలుక లేని మనిషని ఆ లోయలో అందరూ అనుకుంటారు. శుద్ధ అబద్ధం. అతని దగ్గర పుట్టెడు మాటలున్నాయి. వినే మనిషి ఒక్కడే ఉండేవాడు, ఆ ఒక్కడితోనే చెడింది. మిగిలినవాళ్ళతో వాన గురించో బస్సు ఆలస్యం గురించో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకుంటాడు.

పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని వ్రతమేమీ పట్టలేదు. మూడు షిఫ్టుల ఉద్యోగంలో ఓ ఆడమనిషి ఎదురుగా కుదురుగా కూర్చునే సాయంత్రం దొరికేసరికి నెత్తిన జుట్టు పల్చబడింది, అంతే. తండ్రి పట్టాల గ్యాంగులో పనిచేశాడు. క్లెమ్ పదహారో ఏట స్టేషన్లో పెట్టెలు మోయడానికి చేరి, కొన్నాళ్ళకి సిగ్నల్‌మేన్‌గా హోలిన్ డేల్ సిగ్నల్ క్యాబిన్‌ మెట్లెక్కాడు. ఎక్కినవాడు మళ్ళీ దిగింది దాన్ని కూలగొట్టినప్పుడే.

ఆ క్యాబిన్ ఉన్న రోజుల్లో ఒంటరితనం గురించి అతనికి ఆలోచనే రాలేదు. ఊరికి దూరంగా, రెండు కొండల మధ్య, చుట్టూ గొర్రెలు తప్ప మరో ప్రాణి లేని చోటు. అయినా రోజూ మధ్యాహ్నం క్వారీ నుంచి రాళ్ళబండి వచ్చేది. దాన్ని క్యాబిన్ పక్కనున్న లూపు లైన్లోకి, అంటే పక్క పట్టాల మీదికి తిప్పి, ముందు పోయే ప్యాసింజరు స్టేషన్లన్నీ తాపీగా ఆగుతూ పోయేదాకా నిలపాలి. ఎర్ర సిగ్నల్ దగ్గర నిలిచిన డ్రైవరు క్యాబిన్‌కి వచ్చి, నేనిక్కడున్నానని సిగ్నల్‌మేన్‌కి గుర్తు చేయాలన్నది పాతకాలం నుంచీ వస్తున్న నియమం. రూబెన్ స్విండెల్ ఆ నియమాన్ని పాటించినంత భక్తిగా చర్చిని కూడా పాటించలేదు.

రూబెన్ అంటే ఆ రాళ్ళబండి డ్రైవరు. నిలువెత్తు మనిషి, గట్టి గొంతు. మెట్లెక్కుతూనే ఏదో ఒక తగువు మొదలుపెట్టేవాడు. ఉల్లికాడల మొక్కలకి బూడిద వెయ్యాలా, గుర్రప్పేడ వెయ్యాలా. డోరీన్ చేసిన ఓట్స్ రొట్టెలో జున్ను ఎక్కువైందా తక్కువైందా. డోరీన్ అతని భార్య. రెండు రొట్టెలు పొయ్యి మీద వేడిచేసుకుని ఇద్దరూ తినేవాళ్ళు. ఒకటి తనకోసమే ఆవిడ కడుతుందని క్లెమ్‌కి తెలుసు; ఆ సంగతి ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. ప్యాసింజరు దూరం వెళ్ళిందని గంట మోగగానే రూబెన్ టోపీ పెట్టుకుని, "పోతా, నీ మొహం చూస్తే రాళ్ళు కూడా కరిగేట్టున్నాయి" అని దిగిపోయేవాడు. రోజుకో అరగంట. ఆ అరగంట మీద మిగతా రోజంతా నడిచిపోయేది.

డోరీన్ ఓ శీతాకాలంలో పోయింది. అంత్యక్రియలు మధ్యాహ్నం, కొండ మీది చర్చిలో. క్లెమ్ ముందురోజే ఇంకో సిగ్నల్‌మేన్‌ని బతిమాలి, తన షిఫ్టు చివరి సగం అతను చేసేట్టు ఒప్పించాడు. నల్లసూటు వేసుకునే డ్యూటీకొచ్చాడు. కానీ సిగ్నల్ క్యాబిన్‌కి ఒక పద్ధతుంది, అది చావుకీ పెళ్ళికీ మారదు. నీ చోట్లో ఇంకో మనిషి వచ్చి నిలబడేదాకా నువ్వు కదలడానికి లేదు. ఆ రోజు మంచు కురిసింది. వస్తానన్నవాడి కారు దారిలో కూరుకుపోయింది. క్లెమ్ నల్లసూటులో సిగ్నళ్ళ లీవర్లు లాగుతూ, కిటికీలోంచి కొండ మీదికి వరసగా ఎక్కుతున్న కార్లని చూస్తూ నిలబడ్డాడు. అవే కార్లు దిగడం కూడా చూశాడు.

మర్నాడే వెళ్ళి చెప్పి ఉంటే సరిపోయేది. వాళ్ళిద్దరి ఇళ్ళ మధ్య ఉన్నది ఒక కొండ, అంతే. కుంటివాడు కూడా పొద్దున బయల్దేరి భోజనం వేళకి చేరుకుంటాడు. కానీ సిగ్గు ఒక్కరోజు ఆగితే రెండో రోజుకి బరువెక్కుతుంది. రూబెన్ నెలల తరబడి సెలవులో ఉన్నాడు. వాడే వస్తాడుగా, అప్పుడు చెబుదాం అనుకున్నాడు క్లెమ్. ఈలోపు క్యాబిన్ మూసేస్తున్నారని ఉత్తర్వు వచ్చింది. రూబెన్ తిరిగి పనిలోకి వచ్చేసరికి లూపు లైను పక్కన క్యాబిన్ లేదు, ముళ్ళపొదలున్నాయి. క్లెమ్ పట్నంలో పెద్ద కంట్రోలు హాల్లో కూర్చుని ఉన్నాడు.

ఆ హాలుని చూసినవాళ్ళు ఆసుపత్రి అనుకుంటారు. పైకప్పు ఎత్తు, తివాచీ మెత్తన, కిటికీలకి తెరలు ఎప్పుడూ దించే ఉంటాయి. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో మనిషి, ఎదురుగా వరసగా తెరలు. క్లెమ్ బల్ల మీద అతని లోయ మొత్తం ఉంది: బూడిదరంగు గీతలుగా పట్టాలు, ఎర్రచారగా బండి, దాని మీద అంకెలూ అక్షరాలూ కలిపిన పేరు. కొండ లేదు, గొర్రెలు లేవు, వాన లేదు. పక్క బల్ల కీరన్ మంచివాడే. పొద్దున ఓసారి తలూపుతాడు, వెళ్ళేటప్పుడు ఓసారి తలూపుతాడు. మధ్యలో ఇద్దరూ తమ తమ బండ్లని చూసుకుంటారు.

ఆ తెర మీద సిగ్నల్ అంటే చిన్న చుక్క. ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. ఇంకో రంగు లేదు. బయట కొండల్లో నిలబడ్డ అసలు సిగ్నల్ డ్రైవరుకి నాలుగు కబుర్లు చెబుతుంది. ఎరుపైతే ఆగు. ఒంటి పసుపైతే వచ్చే సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడు. జంట పసుపైతే ఆ ఆగే చోటు ఇంకాస్త అవతల ఉంది. ఆకుపచ్చైతే నీ దారి నీది. హాల్లో కూర్చున్నవాడికి ఇన్ని అక్కర్లేదని ఆ తెర చేసినవాళ్ళ లెక్క. ఆపావా, వదిలావా? వదిలితే చుక్క ఆకుపచ్చ. అక్కడ డ్రైవరుకి వెలిగింది పసుపైనా సరే, ఇక్కడ ఆకుపచ్చే. లెక్కలో తప్పేమీ లేదు. భద్రతకి లోటూ లేదు. కాకపోతే మనసులో ఏదో పెట్టుకున్న మనిషి ఆ తెర ముందు కూర్చుంటాడని వాళ్ళు అనుకుని ఉండరు.

రాళ్ళబండి ఇప్పుడూ రోజూ మధ్యాహ్నమే వస్తుంది. డ్రైవర్లలో అందరికంటే పాతవాడు కాబట్టి ఆ డ్యూటీ రూబెన్‌దే అని క్లెమ్‌కి తెలుసు. బండి పేరు తెర అంచున మొలవగానే అతని వీపు నిటారుగా అయ్యేది. రేడియోలో పిలవడానికి మీట ఉంది. కానీ ప్రతి మాటా రికార్డవుతుంది, పని మాట తప్ప మరొకటి ఆడకూడదు. పని మాట ఏమని ఆడతాడు? క్షమించమని చెప్పడానికి నియమావళిలో వాక్యం లేదు. అందుకని క్లెమ్ తనకి చేతనైనది చేశాడు. రాళ్ళబండిని లూపులో పెట్టి నిలబెట్టడం మానేశాడు. ప్యాసింజరు పోగానే దాని వెనకే రాళ్ళబండికీ దారి ఇచ్చేవాడు. ఎక్కడా ఆగకుండా, ఎర్ర సిగ్నల్ ముఖం చూడకుండా పోవాలి రూబెన్. ప్యాసింజరు ఒక్కో సిగ్నల్ దాటుతున్నకొద్దీ వెనక ఒక్కో చుక్క ఎరుపు నుంచి ఆకుపచ్చకి తిరిగేది, దాని వెంట రాళ్ళబండి ఎర్రచార జరిగేది. లోయ పొడుగునా ఆకుపచ్చే.

అలా ఆరేళ్ళు. వాడికి అర్థమవుతుంది, అనుకునేవాడు క్లెమ్. ఇంకెవరు ఇస్తారు రాళ్ళబండికి ఇంత మర్యాద? ఇంటికెళ్ళి గుడ్డు ఉడకబెట్టుకుని, కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ ఉన్న వంటింట్లో తింటూ, ఇవాళ కూడా వాడు ఆగకుండా పోయాడు అని తృప్తి పడేవాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందని ఊరికే అన్నారా. ఆ తెర మీది ఆకుపచ్చ వెనక ఏ రంగుందో అతనికి తెలియక కాదు. చదివాడు, పరీక్ష రాశాడు, నెగ్గాడు. కానీ ఏళ్ళ తరబడి కంటికి కనపడేదే నిజమైపోతుంది, అందులోనూ మనకి నచ్చే రంగైతే మరీనూ.

రూబెన్ రిటైరవుతున్నాడనీ, వచ్చే శుక్రవారమే ఆఖరి బండి అనీ డ్రైవర్ల నోట హాల్లోకి పాకింది. ఆ వార్త విన్న రోజు క్లెమ్ రొట్టె మూట విప్పలేదు. శుక్రవారం తర్వాత ఆ తెర మీద రూబెన్ ఉండడు. రాళ్ళబండి ఉంటుంది, అందులో ఎవరో ఉంటారు. తనకి మిగిలిన ఆ కాస్త చుట్టరికం కూడా తెగిపోతుంది.

సిగ్నల్‌మేన్లు అప్పుడప్పుడు ఇంజన్లో డ్రైవరు పక్కన కూర్చుని లైను చూసి రావాలి. క్లెమ్ ఎప్పటికప్పుడు ఏదో సాకు చెప్పి తప్పించుకునేవాడు. ఈసారి తనే వెళ్ళి సూపర్‌వైజర్ గ్వెండాని అడిగాడు, మంగళవారం రాళ్ళబండి మీద పంపమని. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసి, ఏం నాయనా, ఒంట్లో బాగుందా అని అడిగింది. కానీ పంపింది.

మంగళవారం పొద్దున గడ్డం గీసుకుంటూ, క్వారీకి పోయే బస్సులో, క్వారీ గేటు నుంచి ఇంజను దాకా బురదలో నడుస్తూ క్లెమ్ ఒకే మాటని తిప్పి తిప్పి కూర్చుకున్నాడు. ఆ రోజు నన్ను విడిపించడానికి మనిషి రాలేదురా. ఇంతే. ఇంతకన్నా అక్కర్లేదు. ఇంజను తలుపు తెరిచి తొంగిచూసింది మాత్రం ఎర్రజుట్టు ఆడమనిషి. పేరు మార్గో ఫర్నిస్. రూబెన్ కళ్ళాసుపత్రికి వెళ్ళాడు, ఇవాళ బండి తనదేనని చెప్పి, చెయ్యి అందించి పైకి లాగింది. కూర్చుకున్న మాట క్లెమ్ గొంతులోనే ఉండిపోయింది.

హాల్లో ఆ రోజు క్లెమ్ బల్ల దగ్గర కీరన్ కూర్చున్నాడు. మా క్లెమ్ బండిలో ఉన్నాడు కదా, అతను రోజూ చేసేట్టే చేద్దాం అనుకున్నాడు కాబోలు, ప్యాసింజరు పోగానే రాళ్ళబండికి దారి ఇచ్చేశాడు. లూపు మొదట్లో సిగ్నల్ వెలిగింది. ఒంటి పసుపు, అంటే ప్యాసింజరు ఇంకా ముందు దగ్గర్లోనే ఉంది, తర్వాతి సిగ్నల్ ఎరుపు.

మార్గో నాలుక చప్పరించింది. సిగ్నల్ దాటుతుంటే ఇంజన్లో బూర బొయ్‌మని మోగింది. ఆకుపచ్చ దాటితే టింగుమని గంట మోగుతుంది. పసుపైతే బూర, డ్రైవరు వెంటనే బొత్తాం నొక్కాలి, లేదంటే బండి తనంతట తనే బ్రేకు వేసుకుంటుంది. ఆమె బొత్తాం నొక్కింది, బ్రేకు వేసింది. వెనక రాళ్ళ బరువంతా ముందుకి తోసుకొచ్చి ఇంజను వణికింది. బండి పాకుతూ తర్వాతి సిగ్నల్ దాకా వచ్చేసరికి అది ఎరుపు నుంచి తిరిగింది. పసుపు. బూర. బొత్తాం. ముందు ప్యాసింజరు ప్రతి స్టేషన్లోనూ ఆగి అందర్నీ పేరుపేరునా ఎక్కించుకుంటున్నట్టుంది. గట్టు ఎక్కేచోట, జోరు కావలసినచోట, మళ్ళీ పసుపు. ఇంజను మూలుగుతూ నడక కంటే నెమ్మదిగా ఎక్కింది. లోయ పొడుగునా ఒక్కటంటే ఒక్క గంట మోగలేదు.

"రోజూ ఇంతేనా?" అని అడిగాడు క్లెమ్.

"ఎక్కడిది! మీ హాల్లో ఒక మహానుభావుడున్నాడులే, అతను డ్యూటీలో ఉంటేనే ఇలా. ఇవాళా అతనే కాబోలు. లూపులో పెడితే హాయిగా కాళ్ళు చాపుకుని టీ తాగుతాం, దారంతా ఖాళీ అయ్యాక గట్టు ఒక్క ఊపున ఎక్కుతాం. అతనికి అది గిట్టదు. రూబెన్ అయితే, నా మీద కక్షతోనే చేస్తున్నాడంటాడు. ఏదో పాత స్నేహమట. నా భార్యని పూడ్చినప్పటి నుంచీ మొహం చూపించలేదు, ఇప్పుడు నేను ఓ నిమిషం ఆగితే కూడా ఓర్చుకోలేకపోతున్నాడు అంటాడు."

ఆ మహానుభావుణ్ణి నేనే అని చెప్పడానికి క్లెమ్‌కి నోరు రాలేదు. బూర మళ్ళీ మోగింది. ఆ మోత ఒక్కొక్కటీ ఆరేళ్ళుగా రూబెన్ చెవిలో మోగిందని, ప్రతి మోతకీ వాడు తనని తిట్టుకుంటూ బొత్తాం నొక్కి ఉంటాడని అతనికి ఇప్పుడు తెలిసొచ్చింది. హోలిన్ డేల్ దగ్గర ముళ్ళపొదల మీదుగా బండి పాక్కుంటూ పోయింది. క్లెమ్ తల అటు తిప్పలేదు. తను మర్యాద అనుకున్నది వాడికి గెంటివేత అయింది. పోరా, ఆగకు, నా కంటపడకు అని రోజూ తనే చెబుతూ వచ్చాడు.

బుధవారం, గురువారం అతనికి సెలవు. కొండ దాటి వెళ్ళొచ్చు. బుధవారం బూట్లు వేసుకుని వాకిలి దాకా వచ్చి విప్పేశాడు. గురువారం కొండ సగం ఎక్కి, గొర్రెల కంచె మీద చెయ్యేసి చాలాసేపు నిలబడి, దిగొచ్చేశాడు. పిరికితనమే. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం రాళ్ళబండి పేరు తెర అంచున మొలిచింది. ప్యాసింజరు అప్పుడే ముందు వెళ్ళింది. క్లెమ్ మౌస్ మీద చెయ్యేసి రాళ్ళబండికి లూపులోకి దారి ఇచ్చి, అక్కడితో ఆపాడు. ఎర్రచార మెయిన్ లైను నుంచి పక్కకి ఒరిగి, లూపు కొసన ఎర్రచుక్క ముందు నిలిచింది. కాసేపటికి రేడియో పెట్టె మీద అక్షరాలు వెలిగాయి: బండి సిగ్నల్ దగ్గర నిలిచి ఉంది. రూబెన్ నొక్కిన మీట అది. దానికి జవాబుగా ఇక్కడ ఇంకో మీట నొక్కితే, ఆగు అని అక్కడ అక్షరాలు వెలుగుతాయి. ఈ ఇద్దరి మధ్యా ఎప్పుడైనా మాటంటూ జరిగితే అంతవరకే జరిగేది.

క్లెమ్ ఆ మీట నొక్కలేదు. పిలుపు మీట నొక్కాడు.

"లూపులో ఉన్న రాళ్ళబండి డ్రైవరు, ఇది కంట్రోలు. ముందున్న ప్యాసింజరు లోయ దాటేవరకు మీరక్కడే ఉండాలి. తిరిగి చెప్పండి."

"ప్యాసింజరు లోయ దాటేవరకు ఇక్కడే ఉండాలి," అంది ఆ గట్టి గొంతు. కొంచెం బొంగురుపోయింది, అంతే. తర్వాత, "ఏం, ఇవాళ పసుపు అయిపోయిందా నీ దగ్గర?"

ప్రతి మాటా రికార్డవుతోంది. కానీయ్.

"నాకు పసుపు కనపడదురా రూబెన్. ఈ తెర మీద ఆ రంగే లేదు. నాకు అన్నీ ఆకుపచ్చే కనపడతాయి. నిన్ను ఆగనివ్వకుండా పంపిస్తున్నా, నీకు మేలు చేస్తున్నా అనుకున్నాను."

"ఆరేళ్ళూనా?"

"ఆరేళ్ళూ."

అవతల ఇంజను గురగుర వినిపిస్తోంది.

"నీ బుద్ధి తెల్లారినట్టే ఉంది. ఆ ప్యాసింజరు వెనక పాకి పాకి ఈ బండి కంటే నేనే ముందు అరిగిపోయాను."

"డోరీన్ రోజున నన్ను విడిపించడానికి మనిషి రాలేదురా," అన్నాడు క్లెమ్. ఇన్నేళ్ళు మోసిన మాట బయటపడేసరికి ఎంత చిన్నగా ఉందో అతనికే ఆశ్చర్యమేసింది. "నల్లసూటు వేసుకుని లీవర్ల దగ్గరే నిలబడ్డాను."

"తెలుసు."

"తెలుసా?"

"వాడి కారుని మంచులోంచి తవ్వి తీసింది మా బావమరిదే. నువ్వు రాలేవని చర్చిలో కూర్చున్నప్పుడే నాకు తెలుసు. అది ఒక్క రోజురా క్లెమ్. దాని తర్వాత రోజులున్నాయి కదా. పొద్దున్నే లేచి, ఆ ఇంట్లో ఎవరితో మాట్లాడాలో తెలియక కెటిల్‌తో మాట్లాడేవాణ్ణి. కొండకి అవతలే ఉన్నావు. ఎందుకు రాలేదు?"

ఆ రోజుకి సాకు ఉంది. తర్వాతి రోజులకి లేదు. క్లెమ్ వెతుక్కోలేదు కూడా.

"భయమేసింది," అన్నాడు. "నిన్న కూడా సగం దాకా వచ్చాను."

"సగం దాకా," అన్నాడు రూబెన్. ఆ గొంతులో కోపం ఉందో నవ్వుందో తెలియలేదు.

తెర మీద ప్యాసింజరు ఎర్రచార లోయ చివరికి చేరి, అంచు దాటి మాయమైంది. రాళ్ళబండి ముందు గీతలన్నీ బూడిదరంగులో ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడు దారి ఇస్తే నిజమైన ఆకుపచ్చే వెలుగుతుంది. ఒక్క బూర మోగకుండా, గంటలు మోగుతూ పోతాడు. ఆఖరి బండిని అలా పంపాలనే కదా ఇంత చేసింది. క్లెమ్ మౌస్ మీద చెయ్యి వేశాడు.

"ప్యాసింజరు వెళ్ళిపోయింది. నీకు దారి ఇస్తున్నా. ఈసారి నిఖార్సైన ఆకుపచ్చ."

"ఇవ్వకు," అన్నాడు రూబెన్. "ఉండు కాసేపు. ఇవాళ పోతే మళ్ళీ ఈ బండెక్కను. ఇంటికి తొందరగా చేరి నేను చేసేదేముంది? చెప్పు, ఉల్లికాడలు వేశావా ఈ ఏడు?"

క్లెమ్ మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. వెయ్యలేదని, డోరీన్ పోయినప్పటి నుంచీ ఆ మడి అలాగే వదిలేశానని చెప్పాడు. అవతల రూబెన్ తిట్టడం మొదలుపెట్టాడు. మడిని అలా వదిలేస్తారా ఎవరైనా, మట్టి చచ్చిపోదూ అంటున్నాడు. క్లెమ్ ఎదురు చెబుతున్నాడు. పక్క బల్ల దగ్గర కీరన్ తల తిప్పి చూశాడు. ఇన్నేళ్ళలో ఈ మనిషి గొంతు ఇంత పెద్దదని అతనికి తెలియదు.

గ్వెండా లేచి, తివాచీ మీద మెత్తగా నడుచుకుంటూ వచ్చి అతని వెనక నిలబడింది. తెర చూసింది. లూపు కొసన ఎర్రచుక్క, దాని ముందు నిలిచిన బండి, అవతల కొండల దాకా ఖాళీ దారి.

"దారి ఖాళీగానే ఉంది కదా నాయనా," అంది. "ఆ రాళ్ళబండిని ఎందుకు ఆపావు?"

క్లెమ్ వెనక్కి తిరగలేదు.

"మాట్లాడుకుంటున్నాం," అన్నాడు.